ప్రతి బాధకీ కారణం చెప్పేస్తారు, బాధ మాత్రం అక్కడే ఉంటుంది. ఈ విశ్లేషణ మేలా, తప్పించుకోవడమా?

లాకుల_దగ్గర
ఒక సంగతి తేల్చి చెప్పండి. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు రొయ్యలకి తగిలి ముప్పై ఐదో రోజుకే చెరువు పట్టేసుకోవాల్సి వచ్చిన రైతుని కదిపితే పాఠం చెప్పినట్టు చెబుతాడు. పిల్ల ఎక్కువ వేశాం, పక్క చెరువు వదిలిన నీళ్లు అదే బోదెలో కలిశాయి, మూడు రోజులు మబ్బు పట్టింది, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంది, తలపెంకు మీద తెల్లచుక్కలు. అన్నీ నిజమే. "మరి మీకెలా ఉందండీ?" అంటే "వ్యాపారం అన్నాక మామూలే" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు దవడ బిగిసి ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర లేదని ఇంట్లోవాళ్లు చెబుతారు. ఉద్యోగం పోయినవాళ్లూ, మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ చాలామంది ఇంతే. కారణాలు విడదీసి చూసుకోవడం తెలివైన పని అనుకుంటాం కదా. అది ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు దాక్కోవడం అవుతుంది? తేడా కనిపెట్టే పద్ధతి కావాలి. "పాజిటివ్‌గా ఉండండి" లాంటివి వద్దు.

లెక్కల_మాస్టారు
ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. కారణం తెలిస్తే వచ్చే పంటకి పనికొస్తుంది. ఏడిస్తే చెరువులో ఆక్సిజన్ పెరగదు కదా.

పూతరేకు
ఏడవకపోయినా పెరగదు మాస్టారూ.

కొబ్బరాకు
మాస్టారు చెప్పింది చెరువు వరకూ నిజం. ప్రశ్న చెరువు గురించి కాదు, చెరువు గట్టు మీద మనిషి గురించి.

ఆలోచనలోకి వెళ్లిపోయి భావాన్ని తాకకుండా ఉండటాన్ని మనస్తత్వశాస్త్రంలో ఇంటలెక్చువలైజేషన్ అంటారు. మనసు తనని తాను కాపాడుకునే పద్ధతుల్లో ఒకటిగా అన్నా ఫ్రాయిడ్ 1936లోనే దీన్ని వివరించింది. జబ్బు కాదు, అందరం చేస్తాం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లు స్టెంట్ ఎన్ని మిల్లీమీటర్లో మాట్లాడుకోవడం ఇదే. కాసేపు నిలబడటానికి పనికొస్తుంది. అదొక్కటే దారి అయిపోయినప్పుడే చిక్కు.

నేను చూసే గుర్తులు కొన్ని. "ఎలా ఉంది" అని అడిగితే "ఎందుకు జరిగింది" అన్నదానికి జవాబు వస్తుంది. "నాకు" అనే మాట మాయమై "ఎవరికైనా", "జనరల్‌గా", "మనిషన్నాక" వస్తాయి. తేదీలు, రేట్లు, రిపోర్టు అంకెలు తడుముకోకుండా వస్తాయి, ఒక్క భావం పేరు మాత్రం రాదు. ఒళ్లు వేరే కథ చెబుతుంటుంది: దవడ, మెడ, కడుపు, నిద్ర. అన్నిటికన్నా గట్టి గుర్తు ఏమిటంటే, విశ్లేషణ అంతా పూర్తయ్యాక ఒంట్లో ఏ మార్పూ ఉండదు. మేలు చేసిన ఆలోచన అయితే చివర్లో ఒక నిట్టూర్పో, కన్నీళ్లో, రేపు చేయాల్సిన ఒక పనో మిగులుతుంది.

రేవుగట్టు
నిజంగా ఏ భావమూ లేనివాళ్లు ఉండొచ్చు కదా? అందరి కడుపులోనూ ఏదో దాగి ఉందనుకోవడం కూడా అన్యాయమే.

కొబ్బరాకు
ఉండొచ్చు, ఒప్పుకుంటాను. తప్పించుకోవడం వేరు, పేరు దొరక్కపోవడం వేరు. రెండోదానికి పీటర్ సిఫ్నియోస్ 1970ల మొదట్లో అలెక్సితైమియా అని పేరు పెట్టాడు. గుండె దడ తెలుస్తుంది, అది భయమో కోపమో తేలదు. దీన్ని కొలవడానికి టొరంటో స్కేలు అని 20 ప్రశ్నలది వాడతారు. గుర్తుపట్టడం, చెప్పగలగడం, ఎప్పుడూ బయటి విషయాల మీదే ఆలోచన ఉండటం, ఈ మూడూ అందులో చూస్తారు. అలాంటివాళ్లని "దాస్తున్నావు" అని నిలదీస్తే పాపం. వాళ్లకి మాటలు ఇవ్వాలి.

మూడో రకమూ ఉంది, అసలు పెద్దగా బాధ లేని మనిషి. బాగా నిద్రపోతాడు, తింటాడు, నవ్వుతాడు. ఆయన్ని వదిలేయండి.

పద్యాల_పేట
మాటలు ఇవ్వాలి అన్నారు కాబట్టి చెబుతున్నా. మన తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. వాక్యంలో "అని" వస్తే అది ఆలోచన. "వేసింది, వచ్చింది, గా ఉంది" వస్తే భావం.

"నన్ను లెక్కచేయలేదని అనిపించింది", ఇది ఆలోచన. "నాకు దిగులేసింది, ఉక్రోషం వచ్చింది, బెంగగా ఉంది", ఇవి భావాలు. చిక్కంతా "అనిపించడం" అనే మాటతో వస్తుంది. ఆలోచనకీ అదే వాడతాం, భావానికీ అదే వాడతాం. అందుకే పేజీలకి పేజీలు "అనిపించింది" అని రాసినా, అందులో ఒక్క భావమూ లేకపోవడం జరుగుతుంది.

మాట కూడా ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. బెంగ అంటే ఇష్టమైనదానికి దూరమైనప్పుడు కలిగేది. గుబులు రాబోయేదాని గురించి. అక్కసు లోపల నిలవున్న కోపం. ఉక్రోషం ఏమీ చేయలేని కోపం, అందుకే దానితో కన్నీళ్లు వస్తాయి. అలక మాత్రం బతిమాలతారన్న నమ్మకం ఉన్నచోటే పుడుతుంది. వీటన్నిటినీ "టెన్షన్" అనే ఒక్క డబ్బాలో పడేస్తున్నాం, పోగొట్టుకుంటున్నది అక్కడే.

దాళ్వా
ఉక్రోషానికి ఇంత స్పష్టమైన అర్థం ఇన్నాళ్లకి విన్నా. ఆయ్, చాలా బావుంది.

రేవుగట్టు
పద్యాల_పేట గారూ, మీ పరీక్షకి ఒక కన్నం ఉంది. "అన్యాయంగా ఉంది", "మోసంగా ఉంది". "గా ఉంది" వచ్చింది కానీ అవి తీర్పులు.

పద్యాల_పేట
నిజమే, సవరిస్తాను. అన్యాయం, మోసం, నిర్లక్ష్యం ఎదుటివాడు చేసే పనులు. భావం పేరైతే దానికి ఎదుటివాడు చేసేవాడుగా ఉండడు. "వాడు నన్ను మోసం చేశాడు" అనొచ్చు, "వాడు నన్ను బెంగ చేశాడు" అనలేం. అలా మార్చి చూస్తే తెలిసిపోతుంది. "అవమానం" ఒక్కటి రెండు వైపులా పోతుంది, దాని దగ్గర ఆగి "సిగ్గా, కోపమా?" అని ఇంకో మెట్టు దిగాలి.

లెక్కల_మాస్టారు
పేరు పెడితే ఏమవుతుంది? మామిడికాయని మామిడికాయ అంటే పులుపు తగ్గదు.

కొబ్బరాకు
ఇక్కడ తగ్గుతుంది మాస్టారూ, కొలిచి చూశారు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. ఆ ముఖంలోని భావానికి మాట ఎంచుకున్నప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే ఎమిగ్డాలా అనే భాగం చురుకు తగ్గింది. అదే ముఖానికి మనిషి పేరు ఎంచుకుంటే అలా తగ్గలేదు. అంటే ఏదో ఒక మాట అంటే చాలదు, భావం మాటే కావాలి.

మీకు ఇంకా నచ్చేది 2012లో కిర్కాన్‌స్కీ, లీబర్‌మన్, క్రాస్కే చేసిన పని. సాలీళ్లంటే భయపడేవాళ్లని బతికున్న పెద్ద సాలీడు దగ్గరకి తీసుకెళ్లారు. కొందరు తమ భయాన్ని ఉన్నదున్నట్టు పైకి చెప్పారు. కొందరు "అదేం చేయదు, భయపడాల్సింది లేదు" అని తర్కం చెప్పుకున్నారు. కొందరు సంబంధం లేని మాటలు మాట్లాడారు. వారం తర్వాత మళ్లీ సాలీడు దగ్గరకి తెస్తే, భయం అని పైకి అన్నవాళ్ల అరచేతుల చెమట స్పందన మిగతావాళ్లకన్నా తగ్గింది. "అదేం చేయదు" అన్నది నిజమైన వాక్యమే. అయినా ఒంటికి అది ఎక్కలేదు.

పూతరేకు
అంటే చీకట్లో పిల్లాడితో "దెయ్యం లేదు" అనేకన్నా "భయమేసిందా నాన్నా" అనడమే మేలన్నమాట.

కొబ్బరాకు
ముందు అది. దెయ్యం లేదని ఆ తర్వాత చెప్పొచ్చు, అప్పుడు వింటాడు.

నైట్_డ్యూటీ
ఇందాకటి నుంచి తప్పించుకోవడం తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. క్యాజువాలిటీలో చేయి తెగిన మనిషి వచ్చినప్పుడు "నాకు జాలేస్తోంది" అని పేరు పెడుతూ నిలబడితే రక్తం ఆగదు. తుపానులో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కైనా, వరదలో పడవ నడిపేవాడికైనా అంతే. అప్పుడు పక్కన పెట్టగలగడం వాళ్ల నైపుణ్యం.

కానీ పక్కన పెట్టిందాన్ని మళ్లీ తీసే గంట ఒకటి ఉండాలి. ముఖంలో కనబడనీయకుండా అణచుకుంటే లోపలి బాధ తగ్గదనీ, ఒంటి మీద భారం పెరుగుతుందనీ జేమ్స్ గ్రాస్, లెవెన్‌సన్ 1993లోనే చూపించారు. అణచుకుంటున్నప్పుడు చెప్పింది సరిగ్గా గుర్తుండదని తర్వాత తేలింది. రోగి బంధువులకి ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి రావడం వెనక ఇదీ ఒక కారణం కావచ్చు.

డ్యూటీ దిగాక 10 నిమిషాలు. ఫోన్ పక్కన పెట్టి, బండి స్టార్ట్ చేయకముందే కూర్చోవాలి. ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూసుకోవాలి, ఒక మాట, అంతే. ఇంటికెళ్లాక చూద్దాం అనుకుంటే ఆ రోజుకి లేదు. మూడు నెలలు వరసగా "తర్వాత" అన్నవాళ్లలో కనబడేది ఏడుపు కాదు. చిన్నదానికి అరవడం, లేకపోతే ఏదీ పట్టకపోవడం.

డీఓ_మీటర్
మొదటి పోస్టులో రైతు గురించి ఒక మాట. చెరువు లాగ్ బుక్ చూడండి. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, చెక్ ట్రే, మేత, అన్నీ పూటపూటా రాస్తారు. డీఓ తెల్లవారుజామున నాలుగైదు మధ్య తప్పనిసరిగా చూస్తారు, ఎందుకంటే రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది, సూర్యుడు వచ్చేదాకా తయారీ లేదు. అడుగంటేది అప్పుడే. మధ్యాహ్నం కొలిస్తే ఏ చెరువైనా బాగానే ఉంటుంది.

మనిషిని కూడా మనం మధ్యాహ్నం టీకొట్టు దగ్గర అడుగుతున్నాం. "బానే ఉన్నానండి" అంటాడు. అది అబద్ధం కాదు, ఆ గంటకి నిజమే. నిద్ర తెగిన గంటలో ఏముందో చూడాలి.

రేవుగట్టు
తెల్లవారుజామున మూడింటికి కూర్చుని మనసుని విశ్లేషించుకుంటే ఇక ఆ రాత్రి నిద్ర పోయినట్టే. ఈ సలహా ప్రమాదం.

డీఓ_మీటర్
విశ్లేషణ వద్దు. రీడింగే. రాత్రి ఒక మాట, ఒక అంకె రాసి పడుకోవాలి. కారణాల గడి పగలు నింపాలి. రాత్రి డీఓ పడితే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వేస్తాం కానీ పడడానికి కారణం అప్పుడు కూర్చుని వెతకం కదా.

కొబ్బరాకు
ఇది చాలా సరైన విభజన. దానికి తోడు ఇంకొకటి. చింత పక్క మీదకి రాకుండా ఉండటానికి బోర్కోవెక్ అనే ఆయన 1983లో పెట్టిన పద్ధతి ఉంది. రోజూ ఒకే చోట, ఒకే వేళకి అరగంట. ఆ అరగంటా చింతే పని. మిగతా వేళల్లో ఏది గుర్తొచ్చినా ఒక్క ముక్క రాసుకుని "సాయంత్రం ఆరింటికి" అని వాయిదా. చోటు మంచం కాకూడదు, అన్నం తినే చోటూ కాకూడదు. పడక్కి దగ్గర వేళా కాకూడదు. జనం ఇది చెడగొట్టుకునేది ఎక్కడంటే, ఆరింటికి ఏమీ గుర్తు రాలేదని మానేస్తారు. రాకపోయినా కూర్చోవాలి, లేకపోతే వాయిదా మాటని మనసు నమ్మదు.

లెక్కల_మాస్టారు
సరే, రాయడం వరకూ ఒప్పుకుంటా. అంకె దగ్గర నాకు అభ్యంతరం. బాధకి 6 ఏమిటి, 7 ఏమిటి? కొలబద్ద ఏది?

కొబ్బరాకు
ఇద్దరు మనుషుల మధ్య పోల్చడానికి కాదు. ఒకే మనిషి, ఒకే స్కేలు, ముందూ వెనకా. 0 అంటే ఏమీ లేదు. 10 అంటే ఆ మనిషి ఇంతవరకూ పడ్డవాటిలో ఇక భరించలేనిది. 5 అంటే బాధ ఉంది, పని మాత్రం నడుస్తోంది. ఈ మూడు మేకులు ముందే కొట్టుకోవాలి. ఒక్క అంకె తేడాని పట్టించుకోవద్దు, రెండు కదిలితే కదిలినట్టు.

పొడవాటి నోటుబుక్ తీసుకుని పేజీని నిలువుగా ఐదు గళ్లు చేయండి. మొదటి గడిలో ఏం జరిగింది, కెమెరాకి కనబడేది మాత్రమే. "వాడు పొగరుగా చూశాడు" కెమెరాకి కనబడదు, "తల తిప్పుకున్నాడు" కనబడుతుంది. రెండో గడిలో ఒంట్లో ఎక్కడ, ఎలా: గొంతు పట్టేసింది, ఛాతీ బరువు, అరచేతులు తడి. మూడులో ఒక్క భావం మాట, పక్కన అంకె. నాలుగులో "అని" వాక్యం. ఐదో గడి చివరికి: ఆ "అని"కి అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది, ఇప్పుడు అంకె ఎంత.

మానసిక వైద్యుడు ఆరన్ బెక్ పద్ధతిలో రాయించే ఆలోచనల పట్టీ దాదాపు ఇదే, ఒంటి గడి నేను విడిగా పెట్టిస్తాను. ఎందుకంటే తెలివైనవాళ్లు నేరుగా ఐదో గడికి దూకేస్తారు. రెండో గడి ఖాళీ, మూడులో "నార్మల్", ఐదులో అర పేజీ. ఆ పేజీ చూడగానే తెలిసిపోతుంది, ఇక్కడ తర్కం తలుపు దగ్గర కాపలా కాస్తోందని.

దాళ్వా
అంకె 9 ఉన్నప్పుడు కూడా ఐదు గళ్లూ నింపాలా?

కొబ్బరాకు
వద్దు. ఇది మన గోదారి వాళ్లకి చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక ఎగరేశాక ఎవరూ కూర్చుని పైన వాన ఎంత పడిందో లెక్క వేయరు, లంకల్లోంచి మనుషుల్ని దాటిస్తారు. 7 దాటితే అంతే. ముందు ఒంటిని దించాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు అంకెలంతసేపు బయటికి. అలా నిమిషానికి ఆరు ఊపిర్లు, ఐదు నిమిషాలు, మొత్తం 30. తల తిరిగితే గాలి ఎక్కువ లాగుతున్నట్టు, లోపలికి తీసుకునేది తగ్గించాలి. లేదా నడక, చన్నీళ్లు, ఎవరితోనైనా వేరే మాట. ఎక్కువ తీవ్రతలో జనం జరిగినదానికి వేరే అర్థం చెప్పుకోవడం కన్నా దృష్టి మళ్లించడమే ఎంచుకుంటారని ప్రయోగాల్లోనూ కనబడింది, అది పిరికితనం కాదు. 5కి దిగాక పుస్తకం తీయొచ్చు.

రేవుగట్టు
ఎగువన భద్రాచలం గేజీ మరిచిపోయారు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. అక్కడ పెరిగాకే కదా ఇక్కడ పెరిగేది.

కొబ్బరాకు
ఒళ్లే భద్రాచలం. దవడ, గొంతు, కడుపు ముందు చెబుతాయి. మాట కిందకి చేరేసరికి టైం పడుతుంది.

పద్యాల_పేట
దీనికి మన పెద్దల లెక్క ఒకటి ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో నిలకడగా ఉండే స్థాయీభావాలు 8, వచ్చిపోయే సంచారులు 33, ఒంట్లో కనబడే సాత్త్వికాలు 8, మొత్తం 49 భావాలు చెప్పాడు. ఆ సాత్త్వికాలు ఏమిటో చూడండి: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అన్నీ ఒంటివే. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం. కొబ్బరాకు గారి రెండో గడి ఇదే.

అసలు చెప్పాలనుకున్నది వేరు. ఆ 33లో "వితర్కం" కూడా ఒకటి. తర్జనభర్జన పడటం కూడా భావాల లెక్కలోనే ఉంది, భావాలకి బయట న్యాయమూర్తిలా కూర్చోలేదు. అదే పట్టికలో "అవహిత్థ" కూడా ఉంది, లోపలిది పైకి తెలియకుండా దాచుకోవడం. దాన్ని ఎలా అభినయించాలో కూడా చెప్పాడు: వేరే మాట ఎత్తడం, మాట మధ్యలో తుంచేయడం, తెచ్చిపెట్టుకున్న ధైర్యం. మొదటి పోస్టులో "వ్యాపారం అన్నాక మామూలే" అన్నది అచ్చం అవహిత్థ. అందుకే ఆ మనిషికి భావం లేదని నేను ఒప్పుకోను. లెక్క చెబుతున్న ఆ గొంతే భావం.

లెక్కల_మాస్టారు
వితర్కం భావాల పట్టికలో ఉందంటే నేను కాస్త ఆగాల్సిందే. అది నాకు తెలియదు.

అయినా నా వాదన పూర్తిగా వదలను. భావాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటే నష్టాలు. పక్కవాడు చెరువు తవ్వాడని వరి చేను చెరువు చేసేసినవాళ్లు ఎంతమంది లేరు. తర్కం ఒక్కటే ఉంటే ఆ పని జరిగేది కాదు.

కొబ్బరాకు
తర్కం ఒక్కటే మిగిలిన మనిషిని నాడీ వైద్యుడు ఆంటోనియో డమాసియో చూశాడు. ఎలియట్ అని మారుపేరు పెట్టాడు. మెదడు ముందు భాగంలో గడ్డ తీశాక కూడా తెలివితేటల పరీక్షల్లో బాగానే ఉన్నాడు, భావాలు మాత్రం చప్పబడిపోయాయి. మీ వాదన ప్రకారం గొప్ప నిర్ణయాలు తీసుకోవాలి. ఆయన ఉద్యోగం నిలబెట్టుకోలేకపోయాడు, డబ్బు పోగొట్టుకున్నాడు. చిన్న విషయానికి కూడా అటూ ఇటూ లెక్కలు వేస్తూ గంటలు గడిపేసేవాడు. ఏది ముఖ్యమో చెప్పే బరువు భావం నుంచి వస్తుంది. అది లేకపోతే తర్కానికి ఆగే చోటు దొరకదు.

లెక్కల_మాస్టారు
ఆగే చోటు అన్నారు కాబట్టి నా వైపు నుంచి ఒకటి. ఒకే లెక్కని మూడోసారి చేస్తున్నాడంటే పిల్లాడు జవాబు కోసం చేయడం లేదు, భయంతో చేస్తున్నాడు. అదే ఇక్కడా పెట్టుకోవచ్చు. ఒకే కారణం మూడోసారి చెప్పుకుంటున్నామా, ఈసారి కొత్త సమాచారం ఏదైనా చేరిందా? చేరకపోతే ఆపాలి.

నైట్_డ్యూటీ
మాస్టారు ఈ థ్రెడ్‌లో చెప్పినవాటిలో ఇది అన్నిటికన్నా పనికొచ్చేది.

కొబ్బరాకు
నిజం. సూజన్ నోలెన్-హోక్సెమా 1991 నుంచి చూపిస్తూ వచ్చింది అదే, అదేపనిగా నెమరేసుకోవడం దిగులుని పొడిగిస్తుంది. నెమరు బయటికి విశ్లేషణలాగే కనబడుతుంది. దాన్ని విడగొట్టడానికి ఒక చిన్న మార్పు సాయపడుతుంది, "ఎందుకు" బదులు "ఎలా". "నాకే ఎందుకిలా" అన్నదానికి అడుగు లేదు. "ఆ ఉదయం ఏ గంటకి చూశాను, ముందు ఏం కనబడింది, తర్వాత ఏం చేశాను" అన్నదానికి ఒక చివర ఉంది.

రేవుగట్టు
"ఎందుకు" అనే ప్రశ్నని అంత తీసిపారేయకండి. ఈథన్ క్రాస్ వాళ్ల 2005 పనిలో కాస్త దూరం నుంచి చూసుకుంటూ "ఎందుకు" అడిగితే మేలే జరిగింది కదా. తనని తాను పేరు పెట్టి పిలుచుకుని మాట్లాడుకోవడం కూడా సాయపడుతుందని 2014లో చూపించారు. ఇక్కడ ఇంకో చిక్కు. ముందు మీరే "నాకు" అనకుండా "ఎవరికైనా" అనడం చెడ్డ గుర్తు అన్నారు.

కొబ్బరాకు
రెండూ ఒకటి కావు. పేరు పెట్టి పిలుచుకునేవాడు "ఒరే, నీకు ఇప్పుడు భయంగా ఉంది, ఏం చేద్దాం" అంటాడు. భయం వాక్యంలోనే ఉంది. "ఎవరికైనా ఇలాంటప్పుడు కష్టమే" అన్నవాడి వాక్యంలో ఆయనా లేడు, భయమూ లేదు. గట్టు మీదకెక్కి కాలువ చూడటం ఒకటి, గట్టెక్కి కాలువకి వీపు పెట్టడం ఇంకొకటి. "ఎందుకు" మీద మీ మాట ఒప్పుకుంటాను, దూరం ముందు, ప్రశ్న తర్వాత.

పూతరేకు
మనిషి పోయిన ఇంట్లో సంగతి చెప్పండి. పదకొండు రోజులూ సామాన్ల జాబితా, భోజనాల లెక్క, టెంటు, బంధువుల బస. పెద్దకొడుకు ఒక్క చుక్క కన్నీరు పెట్టడు. అందరూ "నిబ్బరంగా ఉన్నాడు" అంటారు.

నైట్_డ్యూటీ
ఆ పనులు మనిషిని నిలబెడతాయి, అప్పుడు కదపక్కర్లేదు. చూడాల్సింది పెద్దకర్మ అయ్యాక, కుర్చీలు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయిన వారం. అప్పుడు ఎవరూ రారు. ఫోన్ చేయాలంటే ఆ వారం చేయండి, పోయినవాళ్లని పేరుతో తలచుకోండి. ఏడుపు రాకపోవడం దానికదే రోగం కాదు. నెలలు గడిచినా బెంగ పదును తగ్గకుండా, రోజువారీ పని నడవకుండా ఉంటే అప్పుడు ఆలోచించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ 11 లెక్కలో కనీసం ఆరు నెలలు, అమెరికావాళ్ల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం లెక్కలో పెద్దవాళ్లకి ఏడాది. మన సంవత్సరీకం గడువూ ఏడాదే.

లాకుల_దగ్గర
ఇన్ని చెప్పినందుకు సంతోషం. ఇక ఆ రైతు దగ్గరకి వెళ్లి ఏమనాలి? నోటుబుక్ ఇచ్చి గళ్లు గీయమంటే నవ్వుతాడు.

కొబ్బరాకు
"మీకెలా ఉంది" అని అడగొద్దు, అది ఆయనకి పరీక్ష ప్రశ్న. ఎదురుగా కూర్చోవద్దు, గట్టు మీద పక్కపక్కనే నడవండి. జరిగిందే అడగండి. "ఆ పొద్దున చెక్ ట్రే ఎవరు ఎత్తారు? మీరేనా? చూడగానే చేతులు ఏమయ్యాయి?" చేతుల దాకా వస్తే భావం దగ్గరకి వచ్చినట్టే. చెప్పాక పది లెక్కపెట్టేంతసేపు మాట్లాడకుండా ఉండండి, అందరూ చెడగొట్టేది ఇక్కడే. కంగారుపడి "పోనీలెండి, వచ్చే పంటకి వస్తాయి" అనేస్తారు. ఆయన తలుపు వేసేసుకుంటాడు. ఒక మాట మీరు అందించొచ్చు, ప్రశ్నలా: "ఉక్రోషంగా ఉందా?" తప్పైతే ఆయనే సరిచేస్తాడు, సరిచేయడమంటే పేరు పెట్టడమే.

"మీరు ఇంటలెక్చువలైజ్ చేస్తున్నారు" అని మాత్రం అనొద్దు. చెప్పుకోవడానికి ఇంకో కారణం ఇచ్చినట్టవుతుంది.

నైట్_డ్యూటీ
అప్పు సంగతి కూడా మెల్లగా అడగండి, దాన్ని దాటేయొద్దు. రెండు వారాలకి పైగా నిద్ర, తిండి, ఏ పని మీదా ఇష్టం లేకుండా ఉంటే పీహెచ్‌సీలో చెప్పండి. పీహెచ్‌క్యూ 9 అని దిగులు ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నలుంటాయి, 27కి గాను 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి, దానికి ఒక్క మార్కు వచ్చినా మొత్తం ఎంతైనా ఆగకూడదు. "చనిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, భయపడకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, షెడ్డులోంచి తీయించేయండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయం కోసం ప్రభుత్వ ఫోన్ నంబరు టెలీ మానస్ 14416, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

దాళ్వా
14416 ఫోన్లో వేసుకున్నా.

డీఓ_మీటర్
నోటుబుక్ గురించి. కొత్త పుస్తకం ఇవ్వకండి. చెరువు లాగ్ బుక్‌లో చెక్ ట్రే గడి పక్కన ఎటూ కాస్త చోటు ఉంటుంది. అక్కడ ఒక నిలువు గీత గీస్తే ఇంకో గడి వస్తుంది. డీఓ రాసే చేత్తోనే ఒక మాట, ఒక అంకె. ఇంట్లోవాళ్లు కూడా ఆ పుస్తకం తెరవరు.

లాకుల_దగ్గర
ఇది నడుస్తుంది. గడి పైన ఏమని రాయమంటారు?

కొబ్బరాకు
ఏమీ రాయొద్దు. పైన మాట కనబడితే చెయ్యి ఆగిపోతుంది. ముందు అంకెలు పడనివ్వండి, పది పన్నెండు రోజులయ్యాక దానికి పేరు ఆయనే పెట్టుకుంటాడు.